మంచె మీద జత

జీపు మా గూడెంలోకి వచ్చేసరికి బొజ్జయ్య నా ఇంటి వెనక దొడ్డిలో నక్కి ఉన్నాడు. వాడు నా తమ్ముడు. రామన్నతో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాడు. వాళ్లది ఎట్లాంటి జతో ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తి అడగలేదు. తొంభై ఒకటిలో, చర్ల అవతలి అడవిలో, భయపడడానికి వేరే చాలా ఉండేవి.

రామన్నను పోలీసులు అప్పటికే జీపు పక్కన నేల మీద కూర్చోబెట్టారు.

"మగోడూ మగోడూ మొగుడుపెళ్లాల లెక్క ఉంటే సెక్షన్ మూడువందల డెబ్బై ఏడు. పదేండ్ల జైలు," అన్నాడు క్యాంపు ఎస్సై. "ఒకే మంచె మీద పండుకుంటరంట గదా? ఇంకోడేడి? సాక్ష్యం ఎవరు చెప్తరు?"

నేను దొడ్డి వైపు చూడకుండా ఉండడానికి తల ఎత్తనే లేదు.

ముసలి భీమక్క ముందుకొచ్చి పొగాకు ఉమ్మింది.

"సారూ, చలికాలం జొన్నచేను కాడ మంచె మీద ఒక్కడే ఎవడు పండుకుంటడు? ఎలుగుబంటి రాదా? మా ముసలోడు గూడ రామన్న పక్కనే పండుకున్నడు. ఆయన్ని గూడ జీపెక్కించుకో. ఆ గురక ఇంక మీరే ఇనుండ్రి, నాకు పీడ పోతది."

ఎవరో నవ్వారు. ముసలాయన నిజంగానే వచ్చి రామన్న పక్కన కూర్చున్నాడు. తర్వాత పక్కింటి కొండమ్మ కొడుకులు.

"నేను గూడ పండుకున్న సారూ."

"నేనూ."

ఉండబట్టలేక బొజ్జయ్య కూడా వచ్చి వాళ్ల నడుమ చతికిలబడ్డాడు. ఎస్సైకి వాడి ముఖం తెలియదు. ఆ ఇంకొకడు ఎవరో వేలెత్తి చూపేవాళ్లు ఊళ్లో లేరు. సాక్షి లేనిదే కేసు నిలవదు.

"మళ్లొస్త," అని ఎస్సై రామన్నను వదిలి జీపెక్కాడు.

ఆ మాట మాతోనే ఉండిపోయింది. ఏ ఇద్దరి మీదా కన్ను పడకుండా, మగవాళ్లు రోజూ జత మార్చి కాపలాకు పోవాలని ఊరు కట్టుబాటు పెట్టుకుంది. దానివల్లే వాళ్లు జైలుకు పోలేదు. దానివల్లే విడిపోయారు. బొజ్జయ్య నా ఇంటికి మారాడు. రామన్న ఊరి ఆ చివరన ఉండిపోయాడు. జీపు చప్పుడైతే చెరో దిక్కుకు నడిచేవారు. అట్లాగే ముసలివాళ్లయ్యారు.

రెండువేల పద్దెనిమిదిలో పేపరు కూడబలుక్కుని చదివాను. ఇట్లాంటివాళ్ల మీద ఆ సెక్షన్ చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. బొజ్జయ్యకు చదివి వినిపించాను.

"గీ ముచ్చట క్యాంపుల గూడ తెలుసా అక్కా?"

"తెలిసే ఉంటదిరా."

"ఉంటదనా? ఖాయంగ తెలుసనా?"

నేను చీపురు అందుకుని వాకిలి ఊడ్వసాగాను. వాడు లేచి రామన్న ఇంటి వైపు నడిచాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా. సగం దూరం పోయి ఆగాడు.

"ఒక్కణ్ణే పోవాలంటే భయమైతాంది. నువ్వు గూడ రా అక్కా."

చేతిలో చీపురు అక్కడే పడేసి వాడి వెంట నడిచాను.