గడ్డిచేమంతి పసరు

పగలగొట్టేస్తే పోయేది, ల్యాబులో క్రిములు పెంచిన ఈ గాజు ప్లేట్లన్నీ నేలకేసి కొట్టి ఆ పెంకులతోనే మామయ్య మొహం చీరేస్తే పోయేది, నిన్న వీటికి మూతలు పెడుతున్నప్పుడు కూడా ఇదే అనుకున్నాను, ఆయన కట్టిన గడ్డిచేమంతి ఆకు ఉత్తదని తేలాలి, తేలి తీరాలి, అమలాపురం కాలేజీలో పిల్లలకి క్రిముల పాఠం చెప్పే నా ఇంట్లోనే నాన్న కాలు పాదం నుంచి మోకాలి దాకా కుళ్ళిపోయింది, సుగరు పుండు బావగారండీ, ఆస్పత్రికెళ్తే కాలు తీసేత్తారండీ, నా పసరు కట్టు చాలండీ అన్నాడు జనార్దన్ మామయ్య, అమ్మకి సొంత అన్న, మామిడికుదురు చుట్టుపక్కల పుళ్ళకి మందు వేసేది ఆయనే, ఆయ్ అని తలూపిన నాన్న ఇప్పుడు లేడు, ఆ పసరు నూరిన రోట్లోనే మామయ్య వేళ్ళు పెట్టి దంచాలి, ఒక్కో వేలూ, ఆకు దొంగదని ఒక్క మాట చెప్పక్కా, ఆణ్ణి అడ్డంగా నరికేత్తాను, అంటున్నాడు ల్యాబు తలుపు దగ్గర తమ్ముడు హేమంత్, కువైట్ నుంచి దహనానికి కూడా అందలేదు వాడు, స్కూటరు డిక్కీలో కొబ్బరి దింపు కత్తి గోనెలో చుట్టి తెచ్చాడు, వాడి వెనకాలే అమ్మ, మా అన్నయ్యని ఏం చెయ్యకండర్రా అని గొణుగుతూ, చెయ్యనీ అమ్మా, నరకనీ.

మొదటి మూత తీశాను, చీము పుట్టించే క్రిమిని పరిచిన ప్లేటు, మధ్యలో గడ్డిచేమంతి పసరులో ముంచిన కాగితం బిళ్ళ, ఆకు ఉత్తదైతే బిళ్ళ అంచు దాకా తెల్లగా అలుక్కుపోయి ఉండాలి, లేదు, బిళ్ళ చుట్టూ రూపాయి బిళ్ళంత మేర శుభ్రంగా ఉంది, క్రిమి చచ్చింది, ఆకు చంపింది, ఛీ, నీ మొహం మండ, ఆకూ నువ్వు కూడా ఆయన పక్షమేనా, అబద్ధం చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది, ఉత్తదేరా తమ్ముడూ అంటే చాలు, సాయంత్రానికి లెక్క తేలిపోతుంది.

ఆగు, రెండోది ఉంది, మొదటి దానికి నేను కాచి చల్లార్చిన నీళ్ళతో ఆకు నూరాను, మామయ్య అలా నూరడు, కాలవ నీళ్ళే కావాలి, పొద్దు పొడవకముందు ఎవరితోనూ మాట్లాడకుండా తేవాలి, పారే నీటికి మైల లేదంటాడు, ఎగువన రొయ్యల చెరువులు వదిలేది అందులోకే, గేదెలు పడుకునేది అందులోనే, అచ్చం ఆయన చెప్పినట్టే నూరి ఈ ప్లేటు పెట్టాను, మూత తీయగానే వాసన, మాగి చెడిన పండు వాసన, నాన్న మంచం వాసన, ప్లేటంతా పచ్చటి జిగురు, కట్టు విప్పినప్పుడల్లా గుడ్డకి అంటిన పచ్చ ఇదే, ఇదే, ఆకు కాదు, నీళ్ళు, దొరికావు మామయ్యా, నీ మైల లేని నీళ్ళే నాన్నని తినేశాయి, హేమంతూ, కత్తి తియ్యరా, నోరు తెరిచాను.

ఏవన్నా తేలిందా అమ్మా, అంటోంది అమ్మ, ఆకులో ఏవన్నా దోషం ఉందేమో గానీ నీళ్ళలో ఉండదమ్మా, అన్నయ్య చెప్పినట్టే నేనే తెచ్చేదాన్ని, చీకటితో లేచి, దారిలో ఎవరు పలకరించినా పలక్కుండా, ఒక్క రోజూ తప్పలేదు, జ్వరం వచ్చిన రోజు కూడా నేనే వెళ్ళేను.

మూత పెట్టేశాను, కొట్టాలని ఇంకా ఉంది, ఎవర్ని కొట్టను, నీళ్ళు అన్నానంటే వీడు మామయ్యని నరుకుతాడు, అమ్మ అదే కాలవలో దూకుతుంది, ఆకు మంచిదేరా, పనిచేసింది, సుగరే ముదిరిపోయింది అన్నాను, వాడు గోడని గుద్దాడు, మళ్ళీ గుద్దాడు, వేళ్ళు చిట్లి రక్తం కారుతుంటే చిన్నప్పటిలా ఏడ్చాడు, అమ్మ వాడి చెయ్యి తన కొంగుతో చుట్టి, చూశావా నాన్నా, మా అన్నయ్య అలాంటివాడు కాదు అంది, మామయ్యకి రేపు ఒంటరిగా చెబుతాను, నీళ్ళు కాచమని, కాచకపోతే పోలీసుల్ని తెస్తానని, కానీ ఆ బిందె ఎవరు మోశారన్నది ఈ గది దాటకూడదు, నాన్నని తిన్నది ఆ నీళ్ళేనని నేనున్నంత కాలం అమ్మకి తెలియకూడదు.