భువన నడిపితేనే వేడెక్కే బండి

ఆ కారు భువన మీద పగబట్టింది. మరో మాట లేదు. మొగుడు మధుసూదనరావు నడిపితే బుద్ధిగా పోయేది. భువన స్టీరింగు పట్టుకున్న రోజున మాత్రం, అదీ అన్ని రోజులూ కాదు, దానికి బుద్ధి పుట్టిన రోజున, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చునేది. నెలన్నరలో అయిదుసార్లు రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, నాలుగేళ్ల కూతురు సరయుని చంకనేసుకుని, ఆవిరి చల్లారేదాకా నిలబడింది. అయిదుసార్లూ సాయంత్రం మధు ఆ బండిలోనే ఓ చుట్టు తిరిగొచ్చి, "బాగానే ఉందిగా" అన్నాడు.

ఆ మాట వింటే భువనకి ఒళ్లు మండిపోయేది. బాగానే ఉంటే ఆవిరి ఎక్కణ్ణించి వచ్చింది, తనేమైనా ఇడ్లీలు పెట్టిందా లోపల?

ఇంకొకప్పుడైతే పోనీలే అనుకునేది. కాని సోమవారం ఆమె ఉద్యోగంలో చేరాలి. పిల్ల పుట్టాక నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్న ప్రోగ్రామరుని చాంగీ బిజినెస్ పార్కులో ఓ కంపెనీ పిలిచి మరీ తీసుకుంది. రెండువేల సంవత్సరం అది, కంప్యూటర్ తెలిసిన వాళ్లందరికీ పిలిచి కుర్చీ వేస్తున్న కాలం. కాని ఆ పార్కు వీళ్లుండే దీవికి ఆ చివర, వీళ్ల జురాంగ్ ఫ్లాటు ఈ చివర. అక్కడికి ట్రైన్ ఇంకా పడలేదు. పిల్లని చైల్డ్‌కేర్‌లో దింపి, బస్సులు మారి, తొమ్మిదింటికల్లా సీట్లో ఉండటం కల్ల. కారుంటేనే ఉద్యోగం.

మధు అయితే అప్పుడే తేల్చేశాడు. పిల్లతో నడిరోడ్డు మీద ఆగిపోతే ఎవరొస్తారు, ఈసారికి రాలేనని కంపెనీకి రాసెయ్యమన్నాడు. రాసే శ్రమ కూడా ఆమెకి మిగల్చలేదు. ఆఫీసులో తనే టైపు చేసి, ప్రింటు తీసి, సంతకమే తరువాయిగా తెచ్చి డాష్‌బోర్డులో పెట్టాడు.

భువన సంతకం పెట్టలేదు. కాగితం తిప్పి, వెనకవైపు వేడెక్కిన ప్రతిసారీ వివరం రాసింది. తేదీ, వేళ, రోడ్డు, ఎండా వానా, ఎన్ని నీళ్లు పోసింది. ప్రోగ్రాములో తప్పు పట్టుకోవడం ఆమెకి కొత్త కాదు, కాని ఇక్కడ పిసరంత ఆధారం దొరకలేదు. వానలో వేడెక్కింది, మిట్టమధ్యాహ్నం వేడెక్కలేదు. బండ్లు బారులు తీరి ఆగిపోయినప్పుడే అవుతోందని చెప్తే, తనూ ఆ బారుల్లోనే నడిపాననీ, ముల్లు కదల్లేదనీ మధు అన్నాడు. క్లచ్చి సరిగా వదలడం నేర్చుకోమని సలహా కూడా ఇచ్చాడు. 

సిన్‌మింగ్‌లో మెకానిక్ యర్రయ్య దగ్గరికి మూడుసార్లు బండి తీసుకెళ్లింది. తాతల నాడు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం ఆయనది. వేడెక్కడాన్ని మలయ్ మాటలో 'పానస్' అంటాడు. రేడియేటర్ మూత మార్చాడు, నీళ్లు మార్చాడు, గొట్టాలు మార్చాడు. ఆ రేకుల షెడ్డు ఉక్కకి అద్దాలెత్తి, ఏసీ వేసుకుని బండిలో కూర్చుని గంటసేపు ఇంజను ఆన్‌లో ఉంచాడు. ఫ్యాన్ తిరుగుతోంది, ముల్లు నడిమధ్యన ఉంది.

"ఏటమ్మా, నా కాడ పానస్ అవ్వదు, నీ కాడే అవుతాది. కనపడని రోగానికి మందెలా ఎయ్యను?" అన్నాడు మూడోసారి.

పాపం ఆయన మంచివాడే. అయినా షెడ్డులోంచి బయటికొచ్చేసరికి భువనకి ఏడుపొచ్చింది. ముగ్గురిలో ఇద్దరికి కనిపించకపోతే మూడోదానికి భ్రమేనా?

ఆదివారం సామాన్లకని సెరంగూన్ రోడ్డుకి బయల్దేరారు. మధు నడుపుతున్నాడు. ఆ రోడ్డు ఆదివారం సంగతి తెలిసిందే, కార్ పార్కు ముందు అరగంట క్యూ. బండి అంగుళం కదిలి ఆగుతోంది. భువన కళ్లు ముల్లు మీదే. అది కదిలితే ఒట్టు. ఆమెకి నిజంగానే చలేసింది, చున్నీ భుజాల చుట్టూ లాక్కుంది. ఈ బండిలో తనకి చలెయ్యడమేమిటి? ఎప్పుడూ చెమటలే కదా.

అప్పుడు తట్టింది. లైసెన్సు వచ్చి తాళం చేతికిచ్చిన రోజున మధు ఒకటే చెప్పాడు, ముసలి బండి, ఏసీ వేస్తే ఇంజను మీద భారం పడుతుంది, వెయ్యకు అని. ఆ రోజు నుంచీ ఆమె ఆ బటన్ ముట్టుకోలేదు. అద్దాలు దించుకుని, జాకెట్టు తడిసి ముద్దయినా సరే అలాగే నడిపింది. చెప్పినవాడు మాత్రం ఎక్కగానే వేస్తాడు.

భువన చెయ్యి చాపి ఏసీ ఆపేసింది. మధు ఉడికిపోతున్నానని గోల పెట్టాడు. వెనకసీట్లో సరయు అక్కడి పిల్లల యాసలో "హాట్ లా, అమ్మా" అంది. భువన ముల్లు వైపు వేలు చూపించింది. అయిదు నిమిషాలు కాలేదు, ముల్లు కదిలింది. మరో రెండు నిమిషాలకి ఎర్రగీత అంచుకొచ్చింది. మధు మొహంలో రంగు మారింది, బండి పక్కకి తియ్యబోయాడు. భువన మళ్లీ ఏసీ వేసింది. బానెట్ కింద ఫ్యాన్ బర్రున లేచింది. ముల్లు మెల్లగా దిగింది.

క్యూలోంచే యర్రయ్యకి ఫోన్ చేసింది. ఆయన అయ్యో అని నొచ్చుకున్నాడు. వేడెక్కగానే ఫ్యాన్‌ని తిప్పే స్విచ్చి చచ్చిపోయిందట. బండి పరుగెడుతుంటే ఎదురుగాలికే ఇంజను చల్లారుతుంది, బారుల్లో ఆగితే ఫ్యానే దిక్కట. ఏసీ వేస్తే ఫ్యాన్ దాంతోపాటే తిరుగుతుంది కాబట్టి జబ్బు బయటపడలేదు. శనివారం తెస్తే మార్చేస్తానన్నాడు. అందాకా ఏసీ వేసుకుని హాయిగా తిరగమన్నాడు.

"ఏసీ వేసుకునుంటే సరిపోయేదిగా" అన్నాడు మధు, చిన్నగా.

"మీరు వెయ్యొద్దన్నారు, నేను విన్నాను. బండి వేడెక్కుతోందని నేనన్నాను, మీరు వినలేదు."

మధు గేరు మార్చి బండిని మరో అంగుళం ముందుకి జరిపాడు. 

సోమవారం ఉదయం బ్లాకు కింద కారు దగ్గర నిలబడి, ఇవాళ్టికి తను దింపనా అని అడిగాడు. భువన తాళం కోసం చెయ్యి చాపింది. డాష్‌బోర్డులోంచి ఆ కాగితం తీసి, ట్రైన్‌లో చదువుకోమని అతని చేతిలో పెట్టింది. అతను తను టైపు చేసినవైపు చూసి, తిప్పాడు. అయిదు తేదీలున్నాయి. ప్రతి తేదీ చివరా, ఎంతసేపు రోడ్డు పక్కన నిలబడ్డారో, పిల్ల ఎంతసేపు ఏడ్చిందో రాసి ఉంది.

భువన సరయుని వెనకసీట్లో కూర్చోబెట్టి, అద్దాలెత్తి, ఏసీ పూర్తిగా తిప్పి, బండి కదిలించింది. మలుపు దగ్గర అద్దంలో చూస్తే మధు ఇంకా అక్కడే నిలబడి చదువుతున్నాడు.