బొద్దు అక్షరాలు

గ్లాసులు కడుగుతోందన్న మాటే గానీ ఆమె ప్రాణమంతా హాల్లోనే ఉంది. కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది. అమ్మ సంతాపసభకు వచ్చినవాళ్లు గోడమీది బ్యానరు చూసి, నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకుంటున్నారు. అమ్మ ఫొటో కింద ‘కన్నీటి వీడ్కోలు’ అన్న అక్షరాలు బుగ్గలు పూరించుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ గెంతుతున్నాయి.

ఆ అక్షరాలు ఆమెవే. కూతురికి చదువు మొదలుపెట్టిన రోజుల్లో, అమ్మ ఇచ్చిన గాజు చేతినుంచి తీసి కాగితం మీద పెట్టి, దాని వంపు వెంబడే గీసింది. పిల్ల బెదరకూడదని ఒక్క మొనా లేకుండా బొద్దుగా గీసింది. భర్తది బ్యానర్లు వేసే షాపు. ఆ కాగితాలు పట్టుకెళ్లి కంప్యూటర్లో ఫాంటు చేయించి దానికి తన పేరే పెట్టుకున్నాడు. బొమ్మల దుకాణం, పిల్లల చెప్పుల కొట్టు, ఐస్‌క్రీం బండి, పళ్ల డాక్టరు బోర్డు, ఊరంతా ఇప్పుడవే. మీ చేతిలో ఏదో ఉందండీ అని ఎవరైనా మెచ్చుకుంటే ఆయన తల వంచుకుని ఒప్పుకునేవాడు. ఆ పూట టీలు తెచ్చేది ఆమె. ఏ వంపు ఎక్కడ లావెక్కాలో వాళ్లు వెళ్లాక ఆయనకు చెప్పేదీ ఆమే. ఇంట్లో కూర్చుని సున్నాలు చుట్టడం కూడా ఒక పనేనా అని అత్తగారు ఎత్తిపొడిస్తే మాత్రం ఆయనకు వినపడేది కాదు.

నిన్న బ్యానరు చూడగానే ఆమె వద్దంది. ఇవి నవ్వే అక్షరాలు, చావుకు పనికిరావు, మామూలు సన్నటివి వేయండి అని బతిమాలింది. మీ అమ్మకని మళ్లీ వేరే డిజైనా, ఉన్నదేదో వేసేస్తే పోలా అన్నాడాయన.

హాల్లో అన్నయ్య గొంతు లేచింది.

“ఏం బావగారూ, మా అమ్మ పోయిందా, పుట్టినరోజు చేసుకుంటోందా?”

 భర్త మాట వంటింటిదాకా వినిపించింది.

“నన్నంటారేంటి? ఆ అక్షరాలు గీసింది మీ చెల్లెలే. మొదట్నుంచీ అన్నీ తనే.”

ఆమె కుళాయి కట్టేసింది. ఇన్నేళ్లకు ఆ మాట ఆయన నోటివెంట వచ్చింది. రావడానికి ఒక తప్పు కావాల్సి వచ్చింది. తప్పు ఆయనది, అక్షరాలు ఆమెవి.

చెయ్యి తుడుచుకుని హాల్లోకి వెళ్లింది. కుర్చీ వేసుకుని ఎక్కి బ్యానరు విప్పి, అమ్మ ముఖం మడత పడకుండా చుట్టింది. ముందు వరసలో పిల్లల పుస్తకాలు వేసే పబ్లిషరు కూర్చున్నాడు. ఈ బొద్దు అక్షరాలకు జోడీగా సన్నటివి కావాలని కొన్నాళ్లుగా ఆమె భర్త చుట్టూ తిరుగుతున్న మనిషి.

“ఆ సన్నక్షరాలు నేను గీస్తానండీ” అంది పబ్లిషరుతో. “నా పేరు మీద.”

భర్త దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. “ఇప్పుడా ఆ మాటలు? నలుగురి ముందు?”

“మీరు చెప్పిందీ నలుగురి ముందే కదా” అంది ఆమె, గొంతు తగ్గించకుండా.