ఆరని చొక్కా

తైపింగ్‌లో బట్టలుతికి బతకడమంటే రోజూ ఆకాశంతో గొడవ పెట్టుకోవడమే. మధ్యాహ్నం దాటిందంటే కొండ మీంచి మబ్బు దిగుతుంది, వాన దంచేస్తుంది. రొహాయా పొద్దున్నే ఊరందరి బట్టలూ పెరట్లో తీగల మీద ఆరేసి, మొదటి చినుకు పడేలోగా పరుగున లోపలికి చేరేస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క తువ్వాలు కూడా వానకి వదిలిపెట్టలేదు. అలాంటి మనిషిని ఒకే ఒక్క చొక్కా ఆరకుండా సతాయిస్తోంది.

అది మొగుడు మొఖ్తార్‌ది, బస్సు డ్రైవర్లు తొడుక్కునే నీలం చొక్కా. సబ్బుల కంపెనీ వాళ్ళ లక్కీ డ్రాలో రొహాయాకి ఇస్తాంబుల్ ప్రయాణం తగిలితే, "నా మోకాళ్ళతో నేనెక్కడ తిరుగుతాను? నువ్వెళ్ళిరా" అని ఆయన్ని పంపించింది. మొఖ్తార్ జన్మలో ఏదీ గెలిచిన మనిషి కాడు. ఆ టికెట్టు కూడా పెళ్ళాం అదృష్టమే. విడిచిన చొక్కా బుట్టలో పడేసి, కొత్తది తొడుక్కుని విమానమెక్కాడు. ఆ విమానం ఇస్తాంబుల్‌లో దిగలేదు. మరెక్కడా దిగినట్టు కబురూ లేదు.

అప్పట్నుంచి దేశమంతటికీ అదే మాట. టీవీలో ఒకాయన సముద్రంలో పడిందంటాడు, రేడియోలో ఒకావిడ ఏదో దీవిలో దింపేశారంటుంది. జనం ఏది నమ్మితే ఆ రోజు చొక్కా అలా అయిపోయేది. సముద్రమంటే ఉప్పునీళ్ళు కారేది. దీవి అంటే జేబులో గుప్పెడు ఇసుక. మంచుకొండలన్న వారమంతా అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారని ఎవడో అన్నప్పుడు మాత్రం కాసేపు మెరిసి ఊరుకుంది. రొహాయా పొద్దున్నే దాన్ని ఉతికి, పిండి, మళ్ళీ ఆరేసేది. ఇరుగుపొరుగు వాళ్ళు పేపరు కొనడం మానేసి గోడ మీంచి తొంగి చూసేవాళ్ళు.

"ఇవాళ ఏమంటున్నారు రొహాయక్కా?"

"మళ్ళీ ఇసుకే."

"అయ్యో, నిన్న మంచన్నారుగా! ఒక మాట మీద నిలబడరేం వీళ్ళు?"

కూతురు నజీహా పెళ్ళి కూడా ఆ తీగకే వేలాడుతోంది. పెళ్ళికొడుకు ఫిర్దౌస్ బడి పంతులు, నెలాఖరుకి సబా బదిలీ. సబా అంటే సముద్రం దాటి వెళ్ళాలి. నిఖాలో పిల్ల తరఫున తండ్రి నిలబడాలి. "తండ్రి పోయాడంటే బాబాయి నిలబడతాడు. ఉండీ రాలేదంటే నేను నిలబడతాను. ఏదో ఒకటి మీ నోటితో చెప్పండమ్మా" అన్నాడు ఖాజీ. రొహాయా ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేది. "చొక్కా ఆరనివ్వండి, చెప్తాను."

ఆ పొద్దున నజీహాకి ఓపిక చచ్చిపోయింది.

"అమ్మా, ఆ చొక్కా ఈ జన్మకి ఆరదు. ఫిర్దౌస్ వెళ్ళిపోతాడు. నేను ఇక్కడ నీ పక్కన తీగలు కట్టుకుంటూ కూచోనా?"

"పోయాడని నా నోటితో ఎలా అననే?" రొహాయా చొక్కా ఒక కొస పట్టుకుని మెలిపెట్టింది. "ఉన్నాడంటే, ఎక్కడున్నాడని అడుగుతారు. ఏం చెప్పను?"

నజీహా వచ్చి తల్లి పక్కన చేరి చొక్కా రెండో కొస పట్టుకుని పిండింది. ఆ రోజు దేశం మూడు ముక్కలుగా వాదించుకుంటోంది కాబోలు, చొక్కాలోంచి ఉప్పునీళ్ళూ ఇసుకా మంచుముక్కలూ ఒక్కసారే రాలాయి. భుజం దగ్గర కుట్టు పర్రున చిరిగింది.

రొహాయాకి ఒళ్ళు మండిపోయింది. తడి చొక్కా చేతికి చుట్టుకుని తిన్నగా మరికార్ టీ కొట్టుకి నడిచింది. మొఖ్తార్ రోజూ కూచునే కొట్టు అది. రైల్వేలో రిటైరైన రత్నం, ఇనుప సామాన్ల లిమ్ అక్కడే కూచుని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు.

"కొండని గుద్దుకుంది. రాసిస్తాను, టీ పందెం!" అంటున్నాడు రత్నం.

"నీ మొహం, సముద్రమే!" అంటూ లిమ్ తలెత్తి, రొహాయాని చూసి నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ చొక్కా తీసి బల్ల మీద పరిచింది.

"చూడండి, మీ మాటలకి ఇది చిరిగిపోతోంది. ఆయనెక్కడున్నాడో మీకెవరికీ తెలీదు. నాకూ తెలీదు. ఒక్క పూట ఊహించడం మానండి నాయనా. మీకు తెలిసిందేదైనా ఉంటే చెప్పండి."

అందరూ ఇన్నాళ్ళూ ఊహించీ ఊహించీ, తెలిసిన మాట ఎలా మొదలుపెట్టాలో మర్చిపోయారు పాపం. చివరికి మరికారే టీ పోసే చెంబు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ రోజూ వాన మీద పందెం కాస్తాం కదక్కా. మేమంతా ఎప్పుడు పడుతుందా అని కాసేవాళ్ళం. మొఖ్తార్ ఒక్కడే అసలు పడదనేవాడు."

"తెలుసు. రోజూ ఓడిపోయి మీ అందరికీ టీ పోయించి వచ్చేవాడు. బుద్ధి లేదా అని ఎన్నిసార్లు తిట్టానో!"

"నేనూ తిట్టానమ్మా," అన్నాడు రత్నం. "తైపింగ్‌లో పుట్టి వాన పడదంటావేమిట్రా, పిచ్చా అని. దానికి వాడేమన్నాడంటే, 'మా ఆవిడ బట్టలు తీగ మీదున్నాయిరా. పడుతుందని నా నోటితో ఎలా అనను?' అన్నాడు."

రొహాయా బల్ల అంచు పట్టుకుని కూచుండిపోయింది. ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఒక్కసారైనా ఇంట్లో అనలేదు ఆ మనిషి!

ఇక ఒక్కొక్కళ్ళూ అందుకున్నారు. వంతెన దగ్గర చేపలమ్మే ముసలమ్మ కోసం బస్సు ఆపి, ఆవిడ కనిపించేదాకా హారన్ కొడుతూ కూచునేవాడట. డ్యూటీలో పాట మొదలుపెడితే, సగంలో స్టాపు వచ్చి దిగాల్సినవాళ్ళు మిగతాది వినడానికి ఇంకో స్టాపు దాకా కూచునేవాళ్ళట. బయట వాన మొదలైంది, హోరెత్తింది. రొహాయా చెయ్యి చొక్కా మీదే ఉంది. ఆ చెయ్యి కింద బట్ట మెల్లగా తేలికపడి, వెచ్చబడి, ఆరిపోయింది. కొబ్బరినూనె వాసన, లవంగం సిగరెట్ల వాసన వేసింది. తడి గ్లాసు తగలకుండా లిమ్ దాన్ని కాస్త అవతలికి జరిపాడు.

దేశం ఊహించడం మానలేదు. చొక్కాయే ఆ మాటలు వినడం మానేసింది.

మర్నాడు రొహాయా ఖాజీ ఎదుట కూచుంది. "పోయాడనను. ఎక్కడున్నాడో చెప్పమంటే చెప్పలేను. రాలేదంటాను. నాకు తెలిసింది అదొక్కటే. సరిపోతుందా?"

ఖాజీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బంగారంలా సరిపోతుంది. రాలేని తండ్రి కోసం నిలబడటానికే కదమ్మా నేనున్నది."

"ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా!"

"మొదటిరోజే చెప్పానమ్మా. మీరు చొక్కా ఆరాలన్నారు."

పెళ్ళినాడు పొద్దున రొహాయా చొక్కా భుజం కుట్టింది. ఉతికి తీగ మీద వేసింది. ఆ తర్వాత వంటలు, చుట్టాలు, నజీహాకి కట్టాల్సిన పూలు. వచ్చినవాళ్ళలో రత్నం పందిట్లో కూచుంటూనే, "ఇవాళ వాన పడదు. మొఖ్తార్ తరఫున కాస్తున్నా" అన్నాడు. లిమ్ నవ్వి, పడుతుందని కాశాడు. ఖాజీ నిఖా చదివాడు, ఫిర్దౌస్ తడబడకుండా ఒప్పుకున్నాడు, నజీహా తల్లిని వాటేసుకుంది. సరిగ్గా అప్పుడే పందిరి మీద దబదబా వాన.

"అయ్యో, చొక్కా!" అంది రొహాయా.

మోకాళ్ళ మాట మర్చిపోయి పెరట్లోకి పరిగెత్తింది. వెనకే గొడుగు పట్టుకుని మరికార్, రత్నం, లిమ్. అరటాకులు చీలికలైపోతున్నాయి. తీగ మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ ధారల మధ్య నీలం చొక్కా తాపీగా ఊగుతోంది. రొహాయా కాలర్ తడిమింది. పొడిగా, ఇస్త్రీపెట్టె కిందనుంచి అప్పుడే తీసినట్టు వెచ్చగా ఉంది.

లిమ్ కూడా ఒక వేలితో ముట్టుకుని చూశాడు.

"పడలేదు మరి," అని ఒప్పుకున్నాడు.

మరికార్ గొడుగు రత్నం చేతికిచ్చి పందిట్లోకి పోయాడు. నురగ కట్టిన టీ గ్లాసు అరచేత్తో మూసుకుని తీసుకొచ్చాడు.

"మొఖ్తార్ గెలిచిన టీ, అక్కా. లిమ్ లెక్కలో రాశాను."

రొహాయా చొక్కా భుజాన వేసుకుంది. టీలో చక్కెర మొఖ్తార్ తాగేటంత వేశాడు మరికార్. ఆవిడకి అంత తీపి పడదు. అయినా గొడుగు కింద నిలబడి చివరిదాకా తాగింది.