నేర్పకూడని బడి

ఆ పొద్దు మబ్బు పెనుకొండ కొండ మీదికి దిగి అక్కడే ఉండిపోయింది. కోట గోడ సగం వరకే కనబడుతోంది. సముద్రంలో తుపాను పట్టిందని ముందురోజు రేడియోలో చెప్పారు. మా దిక్కున తుపాను అంటే ఇంతే. వాన పడదు, ఎండ రాదు. టేప్‌రికార్డరును ప్లాస్టిక్ సంచిలో చుట్టి మోపెడ్‌కు కట్టాను. హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని నా భార్య రాణి వెనక కూర్చుంది.

రాణి హిందూపురంలో ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరు. పిల్లలకు సంగీతం ఎట్లా నేర్పాలన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తోంది. నేను ఊరి బడిలో ఏడో తరగతితో ఆగినవాణ్ణి. నాకు అర్థమైనంత చెబుతాను. స్వరం కంటికి కూడా కనబడాలని ఆమె పద్ధతి. ‘సా’ అంటే చేయి పొట్ట దగ్గర, ‘పా’ అంటే గుండె దగ్గర, పై ‘సా’ అంటే తల మీద. ధర్మవరంలో ఒక బడిలో ఐదో తరగతికి రాణి ఇట్లా నేర్పింది. పెనుకొండలో ఇంకో బడిలో ఐదో తరగతికి ఉత్త పాటలే పాడించింది. స్వరాల ఊసెత్తలేదు. జూన్‌లో మొదలుపెట్టకముందు రెండు బళ్ళకూ ఒక పరీక్ష పెట్టింది. ఇప్పుడు మళ్ళీ అదే పరీక్ష. వాళ్ళకూ వీళ్ళకూ ఎంత తేడా వస్తే అంతే థీసిస్. ఈ పిల్లలూ ఆ పిల్లలూ కలవకూడదని గైడు సారు గట్టిగా చెప్పాడు. అందుకే వేరువేరు ఊళ్ళు పట్టుకుంది. గడువు ఒకసారి పొడిగించారు. మార్చి దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది.

ధర్మవరంలో పరీక్ష పోయిన శనివారమే అయింది. పిల్లలు బాగా చెప్పారు. మిగిలింది ఈ బడి. వీళ్ళకు ఏమీ రాకపోతే పని అయిపోయినట్టే.

తరగతి గదిలో బెంచీలు పక్కకు జరిపాము. నేను గోడ పక్కన కూర్చుని టేప్ తిప్పాను. ముందు లోకేష్ అనే పిల్లవాడు వచ్చాడు. రాణి మూడు స్వరాలు వాయించింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. వాడి చేయి పొట్ట దగ్గర లేచి, గుండె దాకా వచ్చి, తల మీదికి పోయింది.

“సా, పా, పై సా” అన్నాడు.

రాణి ఎడమ చేయి హార్మోనియం తిత్తిని వదిలేసింది. స్వరం సన్నబడి ఆగిపోయింది.

రెండో పిల్ల వచ్చింది. ఆ పిల్ల చేయీ లేచింది. కూర్చున్న పిల్లల చేతులు కూడా ఒళ్ళోనే కదులుతున్నాయి.

“ఎవరు నేర్పినారు నాయనా మీకు?” అంది రాణి.

“లక్ష్మీప్రియ, మేడమ్! గోవిందమ్మవ్వ మనవరాలు. దసరా సెలవులకు ధర్మవరంలో మీ బడి నుంచి వచ్చింటే నేర్పింది.”

“సెలవులైనంక?”

“అవ్వే పాడిస్తాది!”

గోవిందమ్మ బడిలో మధ్యాహ్నం అన్నం వండే మనిషి. తన పేరు వినబడి గరిటెతోనే వాకిట్లోకి వచ్చింది.

“నేనే మేడమ్మా. నాకు పాట యాడొస్తాది? బియ్యం ఉడికే దంకా గరిటె పట్టుకోని నిలబడతా, వీళ్ళు అరస్తారు, అంతే. రెండు బళ్ళకూ పరీక్ష అంటివి. వాళ్ళకు నేర్పిస్తివి, మావోళ్ళకు నేర్పించకపోతివి. నీకు తీరిక ల్యాక అనుకుంటి. ధర్మవరమోళ్ళు చీరలు నేస్తే నేసినారు గానీ, వాళ్ళకే గొంతులుండాయా? పెనుకొండ పిల్లోళ్ళు ఓడిపోతే నీకు మాట రాదా?”

రాణి హార్మోనియం తిత్తి మీద మళ్ళీ చేయి వేసింది. “తర్వాతి పిల్లను రమ్మను” అంది నాతో.

అందరినీ అడిగింది. ఎవరికి ఎంత వస్తే అంత మార్కు వేసింది. చేతిరాత ఎప్పటిలాగే ఉంది, వంకర పోలేదు. పిల్లలు బయటికి పోయాక నేను టేప్ ఆపాను.

“చేయి ఎత్తినోళ్ళను తీసేస్తే?” అన్నాను.

“ఎత్తనోళ్ళు యాడుండారు?”

“ఇంకో బడి చూద్దాం.”

“మళ్ళీ ఆర్నెల్లు పాటలు పాడించల్ల. మార్చి ఎప్పుడు, ఆర్నెల్లు ఎప్పుడు?”

“జూన్‌లో వేసిన మార్కులే మళ్ళీ రాసెయ్. ఈడికొచ్చి చూసేదెవరు?”

రాణి కాగితాలు సరిచేసి దబ్బనంతో గుచ్చి దారం కట్టింది. “ఇవే పంపిస్తా” అంది. “ఇంగ పీహెచ్‌డీ లేదు.” ఏడుస్తుందేమోనని చూశాను. హార్మోనియం మూత పెట్టి కొక్కెం వేసింది.

నాకు కూడా ఏమీ అనిపించలేదు. ప్రతి శనివారం ధర్మవరం పాసింజరు ఎక్కడం ఇక ఉండదని మాత్రం తోచింది.

వరండాలో పిల్లలు వరసగా కూర్చున్నారు. గోవిందమ్మ మాకు కూడా తినడానికి రెండు తట్టలు వేసింది.

“ఏమప్పా జోసెఫూ, మొగం అట్ల పెట్టినావు?” అంది నాతో. “మేడమ్మా, మావోళ్ళు గెల్చినారా ల్యాదా?”

పిల్లలందరూ రాణి వైపు తిరిగారు.

“గెల్చినారక్కా” అంది రాణి.

పిల్లలు కేకలు పెట్టారు. గోవిందమ్మ గరిటె ఎత్తింది.

“ఏయ్, నోర్ముయ్యండ్రా! మేడమ్మ పొద్దున్నుంచి మీ గొంతులు విని విని అలిసిపోయింది. ఉలక్కుండా తినండి.”

అన్నం వడ్డించింది, సాంబారు పోసింది. రాణి పిల్లల వరసలోనే, లోకేష్ పక్కన కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. సాంబారు వేడిగా ఉంది. రాణి నెమ్మదిగా కలుపుకుని తింది. ఇంకొంచెం కావాలని తట్ట ముందుకు జరిపింది. గోవిందమ్మ వేసింది.