తొమ్మిదో పట్టు

నేను ఒక కళావరు రెండుని. పేకలో నాకంటే చిన్న ముక్క లేదు. పంచినప్పుడు నన్ను చూసి నవ్విన పాపాన ఎవడూ పోలేదు.

అట్టకి అట్ట అతికించి, మెరుపు పూసి, మిషన్లో పెట్టి కోశారు నన్ను. రాజుని కోసిన కత్తే నన్నూ కోసింది. ఆ సంగతి రాజులు మర్చిపోయారు. మనుషులకి అసలే తెలీదు.

కాలవ పక్కనున్న ఆఫీసర్ల క్లబ్బు మా పేకని కొంది. బ్రిడ్జి ఆడేవాళ్లు మహా బుద్ధిమంతులని ఊళ్లో పేరు. వాళ్ల చేతుల్లో నలిగినదాన్ని చెబుతున్నాను, ఆ బుద్ధి ఆట అయిపోయాక గాని మేలుకోదు. ముక్క విసిరేటప్పుడు చెయ్యి ముందు, బుర్ర వెనక.

అందరిలోకీ పెద్ద చెయ్యి భుజంగరావుది. కాలవల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. తూములు కట్టించినవాడు, ఏ నీరు ఏ చేలోకి ఎటునుంచి పోవాలో తెలిసినవాడు. పేక ముందు కూర్చుంటే మాత్రం ఆ తెలివి చెప్పులతోపాటు గుమ్మం బయటే ఉండిపోయేది.

ఆయన భార్య సుభాషిణి ఇంట్లో ఆయనకి జోడీగా ఆడి ఆడి ఆట నేర్చింది. క్లబ్బులో ఆడవాళ్లకి సభ్యత్వం లేదు. ఏడాదికోసారి కప్పు పోటీలో మాత్రం కూర్చోనిస్తారు. ఆ ఏడు సెక్రటరీ కోటిలింగం, మీసం దువ్వుకుంటూ, "కప్పు కొట్టండమ్మా, సభ్యత్వం రాసిచ్చేస్తాను," అన్నాడు. ఎలాగూ కొట్టలేరన్న ధీమా అది. ఆవిడ నవ్వేసింది. పోటీ అయ్యేదాకా ఆవిడకి సరిగా నిద్ర లేదని ఆ తర్వాత ఆవిడ నోటే విన్నాను.

ఆఖరి ఆటకి వచ్చారు. భుజంగరావు పాట పాడేశాడు. తురుపు లేకుండా, పదమూడు పట్లలో తొమ్మిది తమ జోడీ చేస్తుందని. పాట ఆయనది కాబట్టి సుభాషిణి డమ్మీ. అంటే తన ముక్కలన్నీ బల్లమీద పరిచి నోరు కట్టేసుకోవాలి. ఆ ముక్కల్ని కూడా మొగుడే ఆడతాడు. సైగ చేసినా తప్పే.

ఆవిడ పరిచిన చెయ్యి చూసి నా ఒళ్లు పులకరించింది. కళావరు రాజు, రాణి, జాకీ, పది, ఆరు, చివర నేను. అవతలివాళ్ల దగ్గరున్న కళావరు ఆసొక్కటి బయటికి లాగేస్తే, మేమంతా గెలుపు ముక్కలమే. ఆ రంగు ఇంకెవరి దగ్గరా మిగలదు కాబట్టి నేను కూడా పట్టు చేస్తాను! అయితే పట్టు కొట్టిన చేతినుంచే తర్వాతి ముక్క వెయ్యాలి. పండిన ఆ చేనికి బాట ఒక్కటే, డమ్మీలోనే ఉన్న ఆఠీను ఆసు. ఇస్పేటు ఆసు, డైమను ఆసు, ఆఠీను రాజు భుజంగరావు చేతిలో ఉన్నాయి.

ఎడంపక్క కూర్చున్న అవతలి జోడీ ప్లీడరు విశ్వపతి ఆఠీను వేశాడు. రాజుతో కొట్టి, ఆసుని దాచుకోవాలి. ముక్క ముట్టుకునే ముందు తొమ్మిది ఎక్కణ్ణుంచి వస్తాయో ఒక్కసారి లెక్కేసుకుంటే చాలు. కాఫీ చల్లారేపాటి ఆలోచన కూడా అక్కర్లేదు.

"ఆసు," అన్నాడు భుజంగరావు దర్జాగా.

సుభాషిణి చీరకొంగుని వేలికి చుట్టుకుంది. అంతకుమించి కదల్లేదు.

ఆయన డమ్మీలోంచి కళావరు రాజు వేశాడు. ప్లీడరు ఆసుని బయటపెట్టలేదు. భుజంగరావు రాణిని వేశాక, అప్పుడు ఆసుతో కొట్టాడు. భుజంగరావు చేతిలో కళావర్లు అయిపోయాయి. మా దగ్గరికి వచ్చే దారి లేదు. కళ్లముందే పంట, కోసుకునే దిక్కు లేదు. ఆయన డైమను ఆసు వేసినప్పుడు నన్ను దాని కింద పారేశాడు. అయిదు పట్లతో ఆట ముగిసింది. కప్పు పోయింది.

"నీ చెయ్యే అంత, సుభా. కళావర్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయి," అన్నాడు నలుగురూ వింటుండగా.

"పోలేదండి. దారి మీరే మూశారు," అంది ఆవిడ, ముక్కలు సర్దుతూ.

"అమ్మో, డమ్మీకి నోరొచ్చింది," అన్నాడు కోటిలింగం. బల్లంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో ఏ ఒక్కడికీ తప్పెక్కడుందో తెలీదు.

పోటీ అయ్యాక పేక పారేస్తారు క్లబ్బులో. మమ్మల్ని ఆవిడ అడిగి తీసుకెళ్లింది. వీధిలోని ఆడవాళ్లకి నేర్పింది, అరుగుమీద బల్ల వేసింది. కొన్నాళ్లకి క్లబ్బులో జోడీ దొరక్క, భుజంగరావు కూడా ఆ బల్ల దగ్గరికే చేరాడు.

"కూర్చోండి. పాట మాత్రం నేను పాడతాను," అందావిడ.

అప్పట్నుంచి పాట ఆవిడదే, డమ్మీ ఆయనే. ముక్కలు పరుస్తాడు, నోరు మూసుకుంటాడు. నోరు మూసుకున్నప్పుడు మనిషి బాగానే ఉంటాడు.

మొన్న అలాంటి చెయ్యే పడింది. పొడుగు కళావర్లతో నేను ఆయన పరిచిన ముక్కల్లో ఉన్నాను. అవతల ఆఠీను వేశారు. సుభాషిణి ముక్క ముట్టుకోలేదు. బల్లమీది చేతినీ తన చేతినీ నింపాదిగా చూసుకుంది. రాజుతో కొట్టింది, ఆసుని అట్టే పెట్టింది. కళావరు ఆసుని బయటికి లాగింది. దాచిన దారిన వచ్చి మమ్మల్ని వరసగా ఆడించింది. తొమ్మిదో పట్టు నాది. ఎదుటివాళ్ల ఇస్పేటు రాజు నా కింద పడి ఉన్నాడు.

సాయంత్రం కోటిలింగం వీధిలో కనిపిస్తే భుజంగరావు ఆపి మరీ చెప్పాడు.

"ఇవాళ కళావరు రెండుతో పట్టు చేశానయ్యా."