తెరపై నిలిచిపోయిన చేతులు

శరత్కాలము ముగిసి హేమంతము ప్రవేశించుచున్న దినములవి. వశిష్ఠ గోదావరీ జలములపై సాయంతనాతపము పసుపుపట్టువలె పరచుకొనియుండ నరసాపుర పట్టణమున నేటిగట్టు దిగువనున్న సన్నని వీధిలో గడపగడపకును స్త్రీలు చేరి తెల్లని దారముతో లేసు లల్లుచు పొద్దు వాలుట గమనింపక ముచ్చటలాడుకొనుచుండిరి. వారిలో హైమవతి యను నామె యొక్కతె మాత్రము మాటిమాటికిని బడమటి యాకసమువంక జూచుచుండెను.

ఆమె పుట్టుబధిర. భర్తయగు శశిధరుడును బధిరుడే. అతడు సూరతు నగరమున వజ్రములకు సానపట్టు కర్మశాలలో బనికి గుదిరి సంవత్సరము దాటెను. ప్రతిదినమును పని ముగిసినతోడనే యాతడు ఫోను తెరపై సాక్షాత్కరించుటయు నిరువురును సంజ్ఞలతో సంభాషించుటయు వాడుక. వ్రాసి పంపుకొనరాదా యని యిరుగుపొరుగువా రనుచుందురు గాని చేతులే నాలుకలైనవారికి వ్రాత పరభాష. అలుకయు లాలనయు బరిహాసమును వ్రేళ్ల విరుపులో నుండునే కాని యక్షరములలో నిముడవు.

అయితే యా వీధి కంతకును ఇంటర్నెట్టు తెచ్చునది గంధం వీరాస్వామి యను కేబులు వ్యాపారి లాగించిన యొక్క తీగయే. సెల్‌ఫోను సిగ్నలు ఆ పల్లమున కందదు. సాయంకాలమగుసరికి తీగలోని వేగము వేసవి కాలువవలె సన్నగిల్లి శశిధరుని చేయి గాలిలో సగము లేచి శిలవలె నిలిచిపోవును. ముఖము గళ్లుగళ్లుగా జెదరును. మరల గదలునప్పటికి వాక్యము దాటిపోవును. వినగలవారికి దృశ్యము చెదరినను గంఠస్వరమైన మిగులును. హైమవతికి దృశ్యము చెదరినచో భర్తయే మిగులడు. ఇటీవల నాతని సంజ్ఞలు మరింత తడబడుచున్నట్లు తోచి యది తీగ దోషమో మనసు దోషమో తెలియక యామె లోలోన గ్రుంగుచుండెను.

బాల్యమునుండి యన్నతో సంజ్ఞలాడి పెరిగిన యాడపడుచు రాజ్యలక్ష్మి వదినెను వెంటబెట్టుకొని వీరాస్వామి కార్యాలయమునకు బోయి మొరపెట్టెను. ఆతడు తలయైన నెత్తక "ఇష్టం లేకపోతే తీయించేసుకోండమ్మా. మీ వీధికి నా వైరు తప్ప ఇంకోటి రాదు కదా" అని భుజము లెగురవైచెను. రాజ్యలక్ష్మి యా మాటలను సంజ్ఞలలోనికి దెచ్చుటకు సంకోచించెను గాని హైమవతికి భుజములే చాలెను.

వీధి చివరనున్న కాలువకు ఆవలిగట్టు పేటలో రెండు సంస్థలు పోటీపడి తీగలు లాగియుండుటచే నచ్చట దృశ్యములు నీటివలె బ్రవహించునని విని వదినామరదండ్రు రెండవ సంస్థవారి నాశ్రయించిరి. తగినన్ని యిండ్లవారు కోరినగాని కాలువ దాటి రాజాలమని వారు చెప్పిరి. మరునాటినుండి హైమవతి యల్లిక కట్టిపెట్టి యింటింటికిని దిరుగజొచ్చెను. రాజ్యలక్ష్మి సంగతి వివరించిన పిమ్మట నామె చేయు విన్నప మొక్కటియే: చేయి సగమెత్తి నవ్వును సగమున నాపి కదలక నిలుచుండుట. చూచినవారు మొదట నవ్విరి. ఆమె యెంతకును గదలకుండుట జూచి నవ్వు మానిరి. పిదప దమ పేరు లిచ్చిరి.

కాలువగట్టున గ్రొత్త స్తంభములు లేచిన దినముననే పాత తీగలో వేగము వరదవలె నుప్పొంగెను. మరునాటి మధ్యాహ్నము వీరాస్వామి స్వయముగా వచ్చి యదే రుసుమునకు నింతటి వేగము నిచ్చెదననియు దన్ను విడువవలదనియు గుమ్మముకడ నిలిచి ప్రాధేయపడెను.

"ఇన్నాళ్లూ ఈ స్పీడు ఎక్కడ దాచావు బాబాయ్?" అని రాజ్యలక్ష్మి శాంతముగా నడిగెను.

ఆతడు "దాచలేదమ్మా. మీరు పోడానికి దారి లేనప్పుడు ఇవ్వాలని నాకు తోచలేదు" అనెను.

ఆ సాయంకాలము తెరపై శశిధరుడు నిర్మల దర్పణమునందువలె గోచరించెను. చెంపలు లోతుకుపోయినవి. వెనుకగోడపై నారవేసిన చొక్కాయు నగుపడెను. అంతలో నామె దృష్టి యాతని కుడిచేతిపై నిలిచెను. రెండు వ్రేళ్లు వంగక కఱ్ఱవలె బిగిసియున్నవి. వానిపై నెఱ్ఱని మచ్చ. తడబడినది తీగ మాత్రమే కాదని యామెకు దెలిసెను. ఆతడు చప్పున జేయి మరుగుచేసికొనెను.

"ఏల దాచితిరి?" అని యామె వ్రేళ్లు ప్రశ్నించెను.

ఆతడు వెనుదీసిన చేతిని మెల్లగా నెత్తెను. "సానచక్రము తగిలినది. చెదరిన బొమ్మలో నీకు గనబడదని ధైర్యముగా నుంటిని. వ్రేలు వంచినగాని నీ పేరు రాదు గదా. నెల దినములుగా నీ పేరు పలుకలేకున్నాను."

హైమవతి తెరపై దన వ్రేలుంచెను. అద్దము చల్లగా దగిలెను. మసక తెరయందు సహింపగలిగిన దూరము నిర్మలమైన తెరయందు దుస్సహమయ్యెను. ఆమె యా రాత్రికే ప్రయాణము నిశ్చయించుకొనెను.

పోటీ యెదురైనప్పుడు వర్తకుని ముడుచుకొన్న పిడికిలి విచ్చుకొనును. ఆ వీధి నేడు రెండు తీగలకును నిండ్లు పంచియిచ్చి సుఖముగా నున్నది. కాని యెంతటి వేగమునకును మోయనలవిగాని దొకటి గలదు. సూరతు స్టేషనులో జనసమ్మర్దము నడుమ హైమవతి భర్త కుడిచేతిని దన రెండుచేతులతో బట్టుకొని యా బిగిసిన వ్రేళ్ల నొక్కొక్కటిగా నిమురుచుండెను. మాటలాడవలెనన్న జేతులు విడువవలెను. వారిరువురును జాలసేపు మాటలాడలేదు.